మంటకి ముందు ముప్ఫై సెకన్లు

"అది గ్రాఫిక్స్ సార్."

తొమ్మిదో తరగతి. మధ్యాహ్న భోజనాల తర్వాతి పీరియడ్. బల్ల మీద నా లాప్‌టాప్‌లో మాయాబజార్ నడుస్తోంది. ఎస్వీ రంగారావు నోరు తెరుస్తున్నాడు, లడ్లు వాటంతటవే లేచి వెళ్ళి నోట్లో పడుతున్నాయి. నలభైమంది పిల్లలూ పడీపడీ నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక, "దీన్నెట్లా తీసుంటారంటారు?" అని అడిగాను. మూడో బెంచీ నుంచి ఒకడు తడుముకోకుండా చెప్పిన జవాబు అది.

"1957 సినిమారా ఇది. మద్రాసు స్టూడియోలో కంప్యూటర్ అనేదే లేదు అప్పుడు," అన్నా.

"అయితే అప్పటి గ్రాఫిక్స్ సార్."

క్లాసంతా తలలూపింది. వాళ్ళ దృష్టిలో ప్రశ్న అయిపోయింది. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇదే సినిమా, ఇదే సీను టీవీలో వస్తుంటే చిన్నప్పుడు ఆవిణ్ణీ ఇదే ప్రశ్న అడిగా. "మాయరా, ఘటోత్కచుడికి మాయలొచ్చు," అంది. ఆవిడ మాయ అన్నా, వీళ్ళు గ్రాఫిక్స్ అన్నా అర్థం ఒకటే: ఇక ఆపైన అడక్కు. కాకపోతే రెండోమాట పుట్టించిన వృత్తిలో ఉన్నవాణ్ణి నేను. కాబట్టి కొంచెం గట్టిగా తగిలింది.

అసలు నేనా క్లాసులోకి ఎలా వచ్చానో చెప్పాలి. 2021లో అందరిలాగే నేనూ వర్క్ ఫ్రం హోమ్ పేరుతో ఖమ్మం జిల్లాలోని మా ఊరు చేరా. కాల్స్ అన్నీ సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా సాగేవి. పగలు ఖాళీ. స్కూళ్ళు మళ్ళీ తెరిచాక ఒకరోజు టీకొట్టు దగ్గర హైస్కూల్ ఫిజికల్ సైన్స్ మాస్టారు పలకరించారు. "మీరు సినిమాల మీద ఏవో రాస్తారంట కదా. మావాళ్ళు ఏడాదిన్నర ఫోన్లలో పాఠాలు విని విని పూర్తిగా చెడిపోయారు. పుస్తకం తెరిస్తే ఆవలింతలు. సినిమా పేరు చెప్తేనైనా వింటారేమో, శనివారాలొచ్చి కాస్త కెమిస్ట్రీ చెప్పగూడదూ?" అన్నారు.

కెమిస్ట్రీ, అదీ నేను! నవ్వొచ్చింది.

నేను ఇంటర్ చదివిన కాలేజీలో (పేరెందుకులెండి, అలాంటివి వీధికొకటి ఉన్నాయి) కెమిస్ట్రీ అంటే కంఠతా పట్టాల్సిన వాక్యాల చిట్టా. సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్స్ మొత్తం ఒక స్తోత్రంలా వచ్చేది. క్లోరైడ్‌కి సిల్వర్ నైట్రేట్ కలిపితే పెరుగు విరుగులాంటి తెల్లటి అవక్షేపం. అమోనియం హైడ్రాక్సైడ్‌లో కరుగును. నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ చెప్తాను. ఒకసారి నేను కడక్కుండా కిటికీ పక్కన వదిలేసిన టెస్ట్‌ట్యూబ్‌లో ఆ తెల్లటి ముద్ద మధ్యాహ్నానికి ఊదా కలిసిన బూడిదరంగుకి తిరిగింది. ఎందుకిలా అయిందని అడిగితే, "పాతబడింది, కడిగెయ్" అన్నాడు అటెండర్. కడిగేశా. ప్రాక్టికల్స్‌లో ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. ఎంసెట్‌లో ర్యాంకొచ్చింది. కంప్యూటర్ సైన్స్ వచ్చింది. ఆ బూడిదరంగు మళ్ళీ గుర్తుకు రాలేదు.

పదేళ్ళ తర్వాత, ఏదో వ్యాసం కోసం నలుపు తెలుపు సినిమాల గురించి చదువుతుంటే తెలిసింది, ఆరోజు నేను సింక్‌లో పారబోసింది ఏమిటో. వెలుతురు తగిలితే వెండి లవణం విడిపోయి వెండి మిగులుతుంది. ఆ సన్నటి వెండి రేణువులు మెరవవు, నల్లగా ఉంటాయి. ఫోటోగ్రఫీ మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడింది. సినిమా రీలు మీద ఎక్కువగా వాడింది సిల్వర్ బ్రోమైడ్, అంతే తేడా. వెండితెర అనే మాటని ఎన్ని సమీక్షల్లో వాడానో లెక్కలేదు, అందులో నిజంగా వెండి ఉందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. మార్కస్ బార్ట్‌లే తీసిన మాయాబజార్ వెన్నెల గురించి మనం అరవై ఏళ్ళుగా మురిసిపోతున్నాం కదా. ప్రింట్‌లో చూస్తే చీకటంతా వెండి. వెన్నెల, వెండి లేనిచోటు.

ఇది తెలిసిన రోజు సంతోషంతో పాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. బహుశా ఆ కోపంతోనే మాస్టారికి సరే అన్నాను.

*

మొదటి శనివారం గ్లిజరిన్ తీసుకెళ్ళా. మన సినిమావాళ్ళ కన్నీళ్ళకి పెట్టిన పేరది. సావిత్రికి గ్లిజరిన్ అక్కర్లేదని ఇప్పటికీ మెచ్చుకోలుగా చెప్పుకుంటారు. అక్కర్లేకపోవడమే అంత గొప్పయితే, మిగతా అందరికీ ఎందుకు అక్కరొచ్చింది? చెంప మీద నీళ్ళ చుక్కే పెట్టుకోవచ్చు కదా?

స్టీలు పళ్ళెంలో ఒక నీటి చుక్క, పక్కన ఒక గ్లిజరిన్ చుక్క వేసి ఎండలో పెట్టించా. పీరియడ్ అయ్యేసరికి నీళ్ళ చుక్క లేదు. గ్లిజరిన్ చుక్క అలాగే కూర్చునుంది. స్టూడియో లైట్ల వేడిలో టేక్ మీద టేక్ చేస్తుంటే ఎండిపోని కన్నీరు కావాలి, అదీ సంగతి. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు వదిలించుకున్నవి ఎగిరిపోతాయి. గ్లిజరిన్ అణువుకి పట్టుకోవడానికి మూడు చేతులు, అంటే మూడు ఓహెచ్ గుంపులు. అంత తేలిగ్గా వదలవు. పైగా గాల్లోని తేమని కూడా లాక్కుంటుంది. సోమవారం మాస్టారు ఫోన్ చేసి, చుక్క ఇంకా ఉందనీ, దానికి చీమలు పట్టాయనీ చెప్పారు. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది. చీమలు ఆ విషయం మాకంటే ముందు కనిపెట్టాయి.

రెండో శనివారం రక్తం. హిచ్‌కాక్ సైకో (1960)లో బాత్‌రూమ్ హత్య సీనుకి వాడింది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమాకి రంగుతో పనిలేదు, చిక్కదనమూ ముదురుదనమూ కుదిరితే చాలు. ఇది చెప్తే పిల్లలు నమ్మలేదు. అప్పుడు పసుపునీళ్ళల్లో పాన్‌డబ్బా నుంచి తెచ్చిన సున్నం కలిపి చూపించా. చిక్కటి ఎరుపు. వెనక బెంచీ అమ్మాయి వెంటనే, "సార్, ఇది మా అక్క పురిటికొచ్చినప్పుడు దిష్టి తీసిన ఎర్రనీళ్ళు!" అంది. అవును, అవే. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. అంటే ప్రతి తెలుగింటి గుమ్మంలోనూ పళ్ళెంలో ఒక ఇండికేటర్ పరీక్ష జరుగుతోందన్నమాట. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. వాళ్ళు ఇంకా పిండారు, ఇంకా సున్నం కలిపారు, అటూ ఇటూ తిప్పారు. ఆమ్లాలు, క్షారాలు పాఠం మాస్టారు ఆ సోమవారం ఎత్తుకుంటే సగం పని అయిపోయి ఉందట.

బొట్లు పెట్టిన నిమ్మకాయ కోస్తే రక్తం కారడం లాంటివాటి గుట్టు జన విజ్ఞాన వేదికవాళ్ళు ఎప్పట్నుంచో ఊరూరా విప్పి చూపిస్తున్నారు. కాబట్టి నేనేదో కొత్తగా చేస్తున్నానని కాదు. కానీ అలా అనిపించింది నాకు. ఊళ్ళో పిల్లలు నన్ను చూస్తే "సినిమా సారొచ్చాడు" అనేవాళ్ళు. ఆ పేరు బాగా నచ్చింది. తప్పు అక్కడే మొదలైంది.

*

మూడో శనివారం అగ్గిపుల్ల లేకుండా మంట. పౌరాణికాల్లో ఋషి చెయ్యి చాపితే హోమగుండం వెలుగుతుంది కదా, అది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి దానంతటదే అంటుకుంటుంది. దొంగబాబాలు దశాబ్దాలుగా వాడిన కిటుకు. మాస్టారు కొంచెం నసిగారు. "ఇది అవసరమా?" అన్నారు. నేను గ్రౌండ్‌లో, పిల్లల్ని దూరంగా నిలబెట్టే చేస్తానని చెప్పి ఒప్పించా.

దీంట్లో ఒక చిక్కుంది. పోసిన వెంటనే ఏమీ జరగదు. చర్య మెల్లగా మొదలై కొంచెం వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య వేగం పెరుగుతుంది. వేగానికి ఇంకా వేడి. అలా తనని తనే తోసుకుంటూ పోయి ఒక్కసారి భగ్గుమంటుంది. ఎంతసేపు పడుతుందనేది ఆరోజు ఎంత చలిగా ఉంది, గ్లిజరిన్ ఎంత చిక్కగా ఉంది లాంటివాటి మీద ఆధారపడుతుంది. నేను ముందురోజు మా పెరట్లో చేసి చూస్తే ముప్ఫై సెకన్ల దాకా పట్టింది.

ముప్ఫై సెకన్లు జనాన్ని ఖాళీగా నిలబెడితే షో చప్పబడిపోతుంది. అందుకని ఆ సమయాన్ని కథతో నింపా. గ్లిజరిన్ పోసి వెనక్కి జరిగి, చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని, పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి గొంతు అనుకరించడం మొదలుపెట్టా. సరిగ్గా నా "డింభకా" దగ్గర మంట లేచింది. ఊదారంగు అంచుతో, అడుగు ఎత్తున. అరుపులు, ఈలలు. మాస్టారు కూడా చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అంత పెద్ద చప్పట్లు ఏ ప్రెజెంటేషన్‌కీ రాలేదు.

తర్వాతి బుధవారం మాస్టారు ఫోన్ చేశారు. మూడో బెంచీ కుర్రాడు, "గ్రాఫిక్స్ సార్" అన్నవాడే, ఇంట్లో అదే చేశాడు. రెండూ ఎక్కడ దొరుకుతాయో క్లాసులో చెప్పింది నేనే. కుడిచేతి రెండు వేళ్ళూ, అరచెయ్యీ కాలాయి. కళ్ళకేమీ కాలేదు. అది నా గొప్ప కాదు, వాడి అదృష్టం.

శనివారం వాళ్ళమ్మ స్కూలుకొచ్చింది. మిర్చి ఏరడానికి వెళ్ళే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. అరుస్తుందనుకున్నా. అరిస్తే బావుండేది.

"ఏంది సారూ తేడా?" అని అడిగింది. "మీరు జేస్తే మంట లేసి ఆరిపోయిందంట. మావోడు జేస్తే చెయ్యి కాలింది. మీరు జేసిందే జేశాడు, ఒక్క ముక్క తేడా లేదంటున్నాడు. మరి ఏంది తేడా?"

నేను జాగ్రత్తల గురించి ఏదో గొణిగాను. ఆవిడ ప్రశ్న అది కాదు. ఇంటికెళ్ళి కుర్రాణ్ణి అడిగితే అసలు విషయం తెలిసింది. పొద్దున్నే, చలిలో చేశాడు. పోశాడు. నాలాగే చేతులెత్తి డైలాగ్ చెప్పాడు. డైలాగ్ అయిపోయింది, మంట రాలేదు. ఇంకోసారి చెప్పాడు. రాలేదు. ఫెయిలయిందనుకుని, ఇంకొంచెం పోద్దామని వంగి చెయ్యి పెట్టాడు.

ఆ ముప్ఫై సెకన్లే కెమిస్ట్రీ. మిగతాది తమాషా. పైకి ఏమీ జరగనట్టు కనిపిస్తూ లోపల వేడి కూడబెట్టుకుంటున్న ఆ సమయంలోనే నేను చెప్పాల్సిన పాఠం మొత్తం ఉంది: చర్య వేగం, ఉష్ణోగ్రత, ఎందుకు ఆలస్యం, ఎందుకు హఠాత్తు. సరిగ్గా దాన్నే నేను మాంత్రికుడి గొంతుతో కప్పేశాను. చలిలో ఆలస్యం ఎక్కువవుతుందన్న ఒక్క వాక్యం తెలిసుంటే వాడు ఆగేవాడు. వాడు తప్పు చెయ్యలేదు. నేను నేర్పింది నేర్పినట్టు చేశాడు.

హెడ్మాస్టారు నా క్లాసులు ఆపించారు. సంజాయిషీ రాసిచ్చింది మాత్రం సైన్స్ మాస్టారు. నా పేరు స్కూల్లో ఏ రిజిస్టర్‌లోనూ లేదు కదా, సంతకం ఆయనది. నన్నొక్క మాటనలేదు. "పిల్లలన్నాక..." అని వదిలేశారు.

*

తర్వాత రెండు వారాలు రాత్రి కాల్స్ అయిపోయాక నిద్రపట్టక సినిమాల గురించే చదువుతూ కూర్చున్నా. ది విజార్డ్ ఆఫ్ ఓజ్ (1939) దగ్గర ఆగిపోయాను. రంగుల కలలా ఉంటుందని మనమంతా మెచ్చుకునే సినిమా. అందులో గసగసాల తోటలో మంచు కురుస్తుంది. ఆ మంచు ఆస్‌బెస్టాస్. రాతినార. ఇవాళ దాన్ని ముట్టుకోవాలంటేనే మాస్కులు, సూట్లు వేసుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కాన్సర్ తెచ్చే పదార్థం. జూడీ గార్లండ్ మీదా, తోటి నటుల మీదా దాన్ని తెల్లగా రాల్చారు.

రేకుమనిషి పాత్రకి ముందు అనుకున్న నటుడు బడ్డీ ఎబ్సెన్. ఒంటికి వెండిమెరుపు రావాలని అల్యూమినియం పొడి అద్దారు. అది ఊపిరితో లోపలికి పోయి ఆస్పత్రి పాలయ్యాడు. ఆయన స్థానంలో జాక్ హేలీ వచ్చాడు, ఈసారి పొడి బదులు ముద్దగా పూశారు. మంత్రగత్తె వేషం వేసిన మార్గరెట్ హామిల్టన్ మంటల్లో మాయమయ్యే సీనులో మొహమూ చెయ్యీ కాల్చుకుంది. ఆవిడకి పూసిన ఆకుపచ్చ రంగులో రాగి ఉంది. కాలిన చర్మం మీద నుంచి ఆ రంగు తుడవాల్సి వచ్చింది.

సినిమా సమీక్షల్లో మనం "ఎఫెక్ట్స్ అద్భుతం" అని రాసేస్తాం. ఆ అద్భుతం ఎవరి ఊపిరితిత్తుల మీదుగా వచ్చిందో తెరమీద కనిపించదు. కనిపించకుండా చెయ్యడమే దాని పని మరి. ఎబ్సెన్ గురించి చదివినప్పుడల్లా నాకు రెండు కట్లు కట్టిన వేళ్ళు గుర్తొచ్చేవి, సంజాయిషీ కింద మాస్టారి సంతకం కూడా.

అదే వెతుకులాటలో ఇంకో కథ దొరికింది. ఒకప్పుడు సినిమాల్లో మంచుకి తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ కూడా వాడేవాళ్ళు. నడిస్తే కరకరమని చప్పుడు, మాటలు వినపడవు, తర్వాత డబ్బింగ్ చెప్పుకోవాలి. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946)కి ఫ్రాంక్ కాప్రా మనుషులు మంటలార్పే నురగని తీసుకుని, చక్కెర, సబ్బు, నీళ్ళతో కలిపి, చప్పుడు లేని మంచుని తయారుచేశారు. ఆ పనికి అకాడమీవాళ్ళు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. ఎవరో ఒకరు, ఇది ఎందుకిలా ఉంది, వేరేలా ఉండకూడదా అని అడిగి ఉంటారు. నాకు ఈ ప్రశ్న కావాలి, పిల్లలకి కూడా ఇదే కావాలి. మంట కాదు.

వెళ్ళి హెడ్మాస్టారిని బతిమాలుకున్నా. మూడు షరతులతో ఒప్పుకున్నారు. మంట ఉండకూడదు. ఏం చేస్తున్నానో ముందే కాగితం మీద రాసి మాస్టారికివ్వాలి. కాలిన పిల్లవాడి తల్లి ఒప్పుకోవాలి. మూడోదే కష్టమైంది. రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి, "మీరడిగిన తేడా ఏందో ఇప్పుడు తెలిసిందమ్మా" అని ఆ ముప్ఫై సెకన్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పా. విని, "ముందే చెప్పుంటే అయిపోను గదా," అంది. అంతే. దాన్నే ఒప్పుకోలు అనుకున్నా.

*

ఈసారి పద్ధతి మార్చా. ఏ ప్రయోగమైనా మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందో, ఎంతసేపట్లో జరుగుతుందో అందరూ రాయాలి. జరిగేదాకా ఎవరూ, ముఖ్యంగా నేను, మాట్లాడకూడదు. గడియారం చూసి టైము చెప్పే పని మూడో బెంచీ కుర్రాడికిచ్చా.

పటిక నీళ్ళల్లో, సబ్బునీళ్ళు కలిపిన తినేసోడా పోస్తే ఏమవుతుంది? పాత కాలం మంటలార్పే నురగకి మూలం ఇదే. పటిక నీళ్ళు ఆమ్లంలా పనిచేసి సోడా నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని విడిపిస్తాయి, దాన్ని సబ్బు బుడగల్లో పట్టేస్తుంది. బకెట్ నిండి తెల్లగా పొర్లింది. మాటల్లేవు. నలభైమంది పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. ఇదివరకటి ఈలలకీ దీనికీ పోలికే లేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం వెలితిగానే అనిపించింది.

ఆఖరి శనివారం డ్రై ఐస్. ఇప్పుడు ఖమ్మం చుట్టుపక్కల ఏ ఫంక్షన్ హాల్లో పెళ్ళయినా పెళ్ళికూతురు మేఘాల్లో నడిచొస్తోంది కదా, అది. మన పౌరాణికాల్లో స్వర్గం నేలంతా కమ్ముకునే తెల్లటి పొగలాంటిదే. ఈవెంట్ మేనేజ్‌మెంట్ చేసే స్నేహితుడి దగ్గర శుక్రవారం సాయంత్రం మూడు కిలోలు తీసుకుని థర్మకోల్ డబ్బాలో పెడితే, తెల్లారి తూస్తే కిలోన్నరే ఉంది. తడి మాత్రం లేదు. పిల్లలకి చెప్పిన మొదటి సంగతి అదే: సగం ఏమైంది? ఘన కార్బన్ డయాక్సైడ్ సున్నాకి 78 డిగ్రీలు కింద, ద్రవం కాకుండా నేరుగా వాయువైపోతుంది. పుస్తకంలో ఉత్పతనం అని ఉండేది ఇదే. కిటికీలన్నీ తెరిచాం, నేను మందపాటి గ్లౌజులేసుకున్నా, ఎవరూ ముట్టుకోకూడదన్నా.

వేడినీళ్ళ గిన్నెలో వేయగానే తెల్లటి పొగ పొంగి, బల్ల అంచు దాటి కిందికి జారింది. కింద మెట్టు మీద పెట్టిన కొవ్వొత్తి ఆరిపోయింది. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, 44కి 29, దానికితోడు చల్లగా ఉంది. ఇది అందరూ ఒప్పుకున్నారు. తర్వాత, "ఈ తెల్లగా కనిపించేది ఏంటి?" అని అడిగా. నలభైలో ముప్ఫై ఆరుమంది కార్బన్ డయాక్సైడ్ అని రాశారు. కానీ మనం వదిలే ఊపిరిలోనూ అది ఉంది, కనపడదు కదా? తెల్లగా కనిపించేది సన్నటి నీటితుంపర, చలికాలం పొగమంచులాంటిది. రుజువుగా స్టీలు పళ్ళేన్ని ఆ పొగలో పెట్టి తీశా. పళ్ళెం తడి. నా పాఠం అయిపోయింది.

ఎర్రనీళ్ళ అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఐస్ గ్లాసు బయట కూడా తడి పడుతుంది. పళ్ళెం చల్లబడింది కాబట్టి గాల్లో తడే పట్టిందేమో. పొగలో నీళ్ళున్నాయని ఎట్ల తెలుస్తది?"

నేను నోరు తెరిచి మూసుకున్నా. ఆ పిల్ల చెప్పింది నిజం. నా రుజువు రుజువు కాదు.

మాస్టారూ నేనూ మొహాలు చూసుకున్నాం. కాసేపు తర్జనభర్జన అయ్యాక, నీళ్ళు లేనిదాంట్లో వేసి చూస్తే సరి అని తేలింది. మధ్యాహ్న భోజనం వండే పిన్ని దగ్గర్నుంచి గ్లాసెడు పామాయిల్ తెచ్చాం. ముక్క వేశాం. బుడగలు బాగానే వస్తున్నాయి. పొగ మాత్రం పైన దారప్పోగులాగా కొంచెం, అంతే. ఎవరో "హమ్మయ్య" అన్నారు. అప్పుడు వెనక నుంచి, చేతిలో ఫోను గడియారం పట్టుకుని నిలబడ్డవాడు:

"నూనె చల్లగుంది సార్. నీళ్ళు వేడివి పోశాం. అందుకే పొగ రాలేదేమో. చన్నీళ్ళల్లో కూడా వేసి చూడాలి."

పదేళ్ళుగా నేను జూనియర్లకి చెప్పే మాట ఇది. బగ్ వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చు, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. వాడికి ఎవరూ చెప్పలేదు. చన్నీళ్ళల్లో వేశాం. పొగ తగ్గింది, అయినా నూనెలో కంటే ఎంతో ఎక్కువ. ఈలోగా నూనెలో ముక్క చుట్టూ పామాయిల్ తెల్లగా గడ్డకట్టుకుపోయింది, దాని మీద ఇంకో నాలుగు ప్రశ్నలు. బెల్లు కొట్టేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బల్ల చుట్టూ మూగినవాళ్ళు మాత్రం కదల్లేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. తర్వాత పరీక్షల్లో ఉత్పతనం గురించి రెండు మార్కుల ప్రశ్న వచ్చిందట. దాదాపు అందరూ నిర్వచనం రాసి, ఉదాహరణకి గైడ్‌లో ఉన్నట్టే నాఫ్తలీన్ అని రాశారట. మాస్టారు నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వా. వాళ్ళనేమనగలం, మార్కులు తెచ్చే జవాబేదో వాళ్ళకి బాగా తెలుసు. నాకూ తెలిసేది.

హైదరాబాద్ తిరిగి వచ్చేముందు ఊళ్ళో ఒక పెళ్ళికెళ్ళా. అనుకున్నట్టే లైట్లారాయి, పాట మొదలైంది, తెల్లటి మేఘం నేలమీద పరుచుకుంది, పెళ్ళికూతురు నడిచొస్తోంది. నా ముందు వరసలో మూడో బెంచీ కుర్రాడూ వాళ్ళమ్మా.

"అబ్బ, ఎంత పొగ పెట్టారో," అందావిడ.

"పొగ కాదమ్మా, నీళ్ళు."

"నీకెట్ల తెలుసురా?"

"నూనెలో వేసి చూశాం."

ఆవిడ వాడి కుడిచెయ్యి పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. "చూస్తే చూశావ్ గానీ," అంది, "చెయ్యి మాత్రం పెట్టమాక."